కంప్యూటర్ స్పీడు పెంచే ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి



గత వేసవి సెలవుల్లో పదో తరగతి పరీక్షలు రాసిన మా విద్యార్థి ఒకరిని వెంటబెట్టుకుని వాళ్ల నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. నల్లగొండ శివారు కాలనీలో ఇల్లు, ఊళ్లో బత్తాయి తోట, రెండు బోర్లు ఉన్న కుటుంబం. మనిషి కోపంగా ఉన్నారు. అబ్బాయి తలవంచుకుని నిలబడ్డాడు.

"సార్, మావోడు కంప్యూటర్ ఖరాబు చేసిండు. స్పీడు పెంచుత అని ఏందో చేసిండు. ఇప్పుడు నడుస్తుండంగనే బందై మల్ల దానంతట అదే స్టార్ట్ అయితుంది. దాన్ని అమ్మేస్త, ఇంటర్‌ల చేరేదాక పుస్తకాలు సదువుకోమని చెప్పుండ్రి" అన్నారు.

"నేను ఖరాబు చెయ్యలే సార్. పొద్దున టెస్టు పెడ్తే గంటసేపు ఆగకుండ నడుస్తుంది. రాత్రి ఏడు దాటితేనే ఇట్ల అయితుంది" అన్నాడు అబ్బాయి. చేతిలో ఒక నోట్‌బుక్ ఉంది. పదకొండు రోజుల తేదీలు, టెస్టు పెట్టిన సమయం, ఆగిపోయిన సమయం, అప్పటి ప్రాసెసర్ వేడి వరుసగా రాసి పెట్టాడు. వేడి పొద్దున, రాత్రి దాదాపు ఒకేలా ఉంది. ఫలితమే వేరు.

లోపం ప్రాసెసర్‌లో ఉంటే దానికి గడియారంతో పని లేదు. పొద్దున నిలబడి రాత్రి పడిపోతోందంటే, పగలు ఒకలా రాత్రి ఒకలా ఉండేది ఏదో దానిలోకి వెళుతోంది. అది కరెంటు. ఆ నోట్‌బుక్ మమ్మల్ని నేరుగా ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇలాంటి ఫిర్యాదులు ఈ మధ్య చాలా ఇళ్ల నుంచి వస్తున్నాయి కాబట్టి ఈ నెల పాఠం దీని మీదే రాస్తున్నాను.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి?

ప్రాసెసర్ ఒక తాళానికి అనుగుణంగా పనిచేస్తుంది. ఆ తాళాన్నే క్లాక్ అంటారు. 4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 400 కోట్ల తాళాలు. తయారీదారు ఫలానా వేగం వరకు నమ్మకంగా నడుస్తుందని పరీక్షించి అమ్ముతాడు. ఆ వేగం కంటే పైకి మనమే సెట్టింగు మార్చి నడిపించడమే ఓవర్‌క్లాకింగ్.

ఇది కొత్త సరదా ఏమీ కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌ను 300 మెగాహెర్ట్జ్ నుంచి 450 మెగాహెర్ట్జ్‌కు పెంచి వాడటం ప్రపంచమంతటా కుర్రకారుకు ఒక ఆటగా మారింది. ఇప్పుడు ఇంటెల్‌లో పేరు చివర 'కె' అక్షరం ఉన్న ప్రాసెసర్లలో, ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిలో దీనికి వీలుంది. అయితే మదర్‌బోర్డు కూడా అందుకు ఒప్పుకోవాలి.

వేగం పెంచితే ప్రాసెసర్ లోపలి స్విచ్‌లకు ఒక్కో పనికి దొరికే సమయం తగ్గుతుంది. ఆ తక్కువ సమయంలో పని పూర్తి చేయాలంటే వాటికి కాస్త ఎక్కువ వోల్టేజి కావాలి. కరెంటు కథ ఇక్కడే మొదలవుతుంది.

ప్రాజెక్టు నుంచి ఇంటికి, ప్లగ్ నుంచి ప్రాసెసర్‌కు

మన పిల్లల్లో చాలామంది విహారయాత్రకు నాగార్జునసాగర్‌కో జూరాలకో వెళ్లినవాళ్లే. సాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. మొత్తం 815.6 మెగావాట్లు. జూరాలలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. అక్కడ పుట్టిన కరెంటును 230 వోల్టుల దగ్గరే ఉంచి మన ఊరికి పంపరు. వోల్టేజిని లక్షల్లోకి పెంచి పెద్ద టవర్ల మీద పంపుతారు. సబ్‌స్టేషన్లలో మెట్టు మెట్టుగా 33 కిలోవోల్టులకు, 11 కిలోవోల్టులకు తగ్గిస్తారు. చివరికి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంటికి పనికొచ్చే స్థాయికి దించుతారు.

ఎందుకిలా? వోల్టేజి ఎక్కువైతే అంతే సామర్థ్యాన్ని తక్కువ ఆంపియర్లతో పంపవచ్చు. తీగలో వృథా అయ్యే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆంపియర్లు రెట్టింపైతే వృథా నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎక్కువ వోల్టేజితో దూరం తెచ్చి, వాడే చోటుకు దగ్గరగా దించుతారు.

కంప్యూటర్ డబ్బాలోనూ ఇదే ఏర్పాటు. ఎస్‌ఎంపీఎస్ 230 వోల్టుల ఏసీని తీసుకుని ముఖ్యంగా 12 వోల్టుల డీసీగా మార్చి మదర్‌బోర్డుకు పంపుతుంది. ప్రాసెసర్‌కు కావలసింది 1.2 వోల్టుల చుట్టుపక్కలే. ఆ దించే పని ప్రాసెసర్ పక్కనే ఉండే వోల్టేజి రెగ్యులేటర్ చేస్తుంది. దాన్నే వీఆర్‌ఎం అంటారు. పిల్లలకు ఇలా చెప్పండి: ఎస్‌ఎంపీఎస్ సబ్‌స్టేషన్, 12 వోల్టుల తీగలు 11 కిలోవోల్టుల లైను, వీఆర్‌ఎం వీధి ట్రాన్స్‌ఫార్మర్, ప్రాసెసర్ మన ఇల్లు.

మన ఇంట్లో బల్బు ఎర్రగా వెలిగితే బల్బు చెడిపోయిందనుకోం. వెనక లైను సంగతి చూస్తాం. ప్రాసెసర్ తడబడినప్పుడూ అలాగే వెనక్కి చూడాలి.

కాగితం మీద లెక్క

ప్రాసెసర్ పనిచేస్తున్నప్పుడు ఖర్చు చేసే సామర్థ్యం దాని వేగాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. 4.0 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల వద్ద ఒక ప్రాసెసర్ 95 వాట్లు తీసుకుంటోంది. దాన్ని 4.6 గిగాహెర్ట్జ్‌కు పెంచి 1.32 వోల్టులు ఇచ్చాం.

వేగం 1.15 రెట్లు అయింది. వోల్టేజి 1.10 రెట్లు, దాని వర్గం 1.21. రెండూ గుణిస్తే సుమారు 1.39. అంటే 95 వాట్లు 132 వాట్లయ్యాయి. వేగం పెరిగింది 15 శాతం, ఖర్చు పెరిగింది 39 శాతం. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను మార్కెట్‌కు తేకుండానే విరమించుకుంది. కేవలం గడియారాన్ని తొందరపెడుతూ పోతే విద్యుత్తు, వేడి ఎంత భారమవుతాయో ఆ రోజుల్లో కంప్యూటర్ పరిశ్రమ మొత్తానికీ తెలిసివచ్చింది.

ఇప్పుడు ఆంపియర్లు చూద్దాం. వీఆర్‌ఎం దక్షత 90 శాతం అనుకుంటే, 12 వోల్టుల తీగల్లో ముందు దాదాపు 9 ఆంపియర్లు పారేవి. ఓవర్‌క్లాక్ చేశాక 12 దాటుతాయి. వీఆర్‌ఎం తర్వాత ప్రాసెసర్‌లోకి వెళ్లేది 132 భాగించు 1.32, అంటే 100 ఆంపియర్లు! అయితే ఆ దూరం కొన్ని సెంటీమీటర్లే.

మా విద్యార్థి కంప్యూటర్‌లో 75 వాట్ల చిన్న గ్రాఫిక్స్ కార్డు ఉంది. దానికి సుమారు 6 ఆంపియర్లు. డిస్కు, ఫ్యాన్లకు 1.5. మామూలు వేగంలో మొత్తం 16.5 ఆంపియర్లు. ఓవర్‌క్లాక్ చేశాక 19.5. అతని ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో '450 వాట్లు' అని ఉంది. పక్కన చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడి కింద 18 ఆంపియర్లు అని ఉంది. 12 ఇంటూ 18 అంటే 216 వాట్లే. మామూలు వేగంలో అంచు దాకా వచ్చి ఆగేది. స్పీడు పెంచాక అంచు దాటింది.

రాత్రి ఏడు తర్వాత ఏం జరిగింది?

అంచు దాటినా పొద్దున ఎందుకు నడిచింది? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్ దగ్గర వోల్టేజి కొలిపించాం. ఉదయం 231 వోల్టులు, రాత్రి ఎనిమిదింటికి 172. వాళ్ల ఇల్లు లైనులో చివరి స్తంభం దగ్గర. ఎండాకాలం సాయంత్రం కాలనీలో అందరి కూలర్లు, ఏసీలు ఒకేసారి నడుస్తాయి.

అబ్బాయి నాన్నగారికి ఇక నేను వివరించాల్సిన పని లేకపోయింది. "అంటే మా బోరు మోటరు లెక్కనే గద సార్! ఓల్టేజి తగ్గితే ఆంప్స్ ఎక్కువ గుంజుతది. అట్లనే నడిపిస్తే వైండింగ్ కాలుతది" అన్నారు. సరిగ్గా అదే. మోటరు మీద నీళ్లెత్తే భారం తగ్గదు కాబట్టి వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ మీద కూడా కంప్యూటర్ భారం అలాగే ఉంటుంది. 340 వాట్లు లోపలికి తీసుకోవలసి వస్తే 230 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్లు చాలు. 172 వోల్టుల వద్ద దాదాపు 2 ఆంపియర్లు కావాలి. దాని ముందు భాగంలోని తీగలు, విడిభాగాల నిరోధం వల్ల పుట్టే వేడి 80 శాతం దాకా పెరుగుతుంది. పైగా ఆ ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంది. 172 దాని హద్దులోనే లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊగు 20 మిల్లీసెకన్లు. కరెంటు రెప్పపాటు పోయినా కంప్యూటర్ ఆగకుండా ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్ కొంత శక్తిని దాచి ఉంచుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ సుమారు 16 మిల్లీసెకన్ల పాటు నెట్టుకురాగలదు. కెపాసిటర్‌లో దాగే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. చవక రకం ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వోల్టేజి ఇంటి వోల్టేజితో పాటే దిగుతుంది. 231 నుంచి 172కు దిగితే నిల్వ శక్తి దాదాపు 55 శాతానికి పడిపోతుంది. ఓవర్‌క్లాక్ వల్ల ఖర్చేమో పెరిగింది. ఆ రెండూ కలిస్తే పక్కింటి ఫ్రిజ్ మొదలైనప్పుడు వచ్చే చిన్న మినుకు కూడా తట్టుకోలేదు. అలాంటప్పుడు 'కరెంటు బాగానే ఉంది' అని మదర్‌బోర్డుకు చెప్పే సంకేతాన్ని ఎస్‌ఎంపీఎస్ ఆపేస్తుంది. మదర్‌బోర్డు వెంటనే రీస్టార్ట్ చేస్తుంది. అబ్బాయి నోట్‌బుక్‌లో రాసుకున్నది అదే.

ఎలా తేల్చుకున్నాం?

అనుమానం నిజమవునో కాదో పరీక్షించాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదటి రాత్రి ఓవర్‌క్లాక్ తీసేసి మామూలు వేగంలో అదే టెస్టు పెట్టించాను. ఆగలేదు. రెండో రాత్రి మళ్లీ స్పీడు పెంచి, అదే ఎస్‌ఎంపీఎస్‌తో. ఇరవై నిమిషాల్లో రీస్టార్ట్. మూడో రాత్రి మా ల్యాబ్‌లోని మంచి ఎస్‌ఎంపీఎస్ బిగించాం. దాని ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు, 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లు. అదే వేగం, అదే వేళ, అదే 170 చిల్లర వోల్టులు. రెండు గంటలు నిలబడింది.

పిల్లవాడు ప్రాసెసర్‌ను పాడు చేయలేదు. వెనక ఉన్న సరఫరా చూడకుండా భారం పెంచాడు, అంతే. ఆ తేడా తేలకపోతే ఆ ఇంట్లో ఒక కంప్యూటర్ అమ్ముడుపోయేది. పదకొండు రోజులు శ్రద్ధగా గమనించి రాసుకున్న పిల్లవాడికి దొంగతనం చేసినవాడి మొహం మిగిలేది.

ఏ లక్షణం దేన్ని సూచిస్తుంది?

ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్ తడబడితే తప్పు ప్రతిసారీ ఎస్‌ఎంపీఎస్‌దే కాదు. సాధారణంగా ఇలా చూడవచ్చు.

• ఏ సందేశమూ లేకుండా ఒక్కసారిగా ఆరిపోయినా, రీస్టార్ట్ అయినా ముందు ఎస్‌ఎంపీఎస్‌ను, ఇంటి కరెంటును అనుమానించండి. ముఖ్యంగా ఆట మొదలైన క్షణంలోనో, ఫలానా వేళలోనో జరిగితే.

• నీలం తెర వచ్చినా, టెస్టులో లెక్క తప్పిందని చూపినా ఆ వేగానికి ప్రాసెసర్ వోల్టేజి చాలకపోవచ్చు. లేదా ర్యామ్ సెట్టింగు ఎక్కువై ఉండవచ్చు. వేగం ఒక మెట్టు తగ్గించడమే మొదటి మందు.

• ఆగకుండా, క్రమంగా మందగిస్తే వేడి. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. దుమ్ము తుడవండి, గాలి ఆడనివ్వండి.

12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలన్నది ప్రమాణం. అందులో సన్నటి అలల్లా వచ్చే హెచ్చుతగ్గు 120 మిల్లీవోల్టులు దాటకూడదు. దీన్ని రిపుల్ అంటారు. నెమ్మదిగా వచ్చే హెచ్చుతగ్గులను వీఆర్‌ఎం సర్దుకోగలదు. ప్రాసెసర్ ఖాళీగా ఉండి హఠాత్తుగా పూర్తి పనిలోకి దూకినప్పుడు వచ్చే కుదుపు, ఎక్కువ రిపుల్ దానికీ కష్టమే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రాములు చూపే వోల్టేజి అంకెలు సూచన మాత్రమే. కచ్చితంగా కావాలంటే తెలిసిన టెక్నీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పెద్ద అక్షరాల వాట్లు కాదు, పట్టికలో 12 వోల్టుల కింద ఉన్న ఆంపియర్లు చూడండి. వాటిని 12తో గుణించండి. అదీ అసలు బలం. మీ లెక్కలో వచ్చిన అవసరానికి పైన కనీసం మూడో వంతు మిగులు ఉంచుకోండి. తర్వాత ఇన్‌పుట్ వోల్టేజి హద్దు చూడండి. మన ఊళ్లలో 100 నుంచి 240 అని ఉన్నది మేలు.

'80 ప్లస్' ముద్ర ఉంటే మంచిదే. అయితే అది తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేయకుండా ఇస్తుందో చెప్పే గుర్తు. రిపుల్, కుదుపు తట్టుకోవడం గురించి అది నేరుగా ఏమీ చెప్పదు.

ఇంట్లో జాగ్రత్తలు

• ఎస్‌ఎంపీఎస్ డబ్బాను పిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. 230 వోల్టుల ఏసీ లోపల 325 వోల్టులకు పైబడిన డీసీగా మారుతుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది. అది ప్రాణాంతకం.

• ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. మన చెలక నేలలు వేసవిలో ఎండిపోతాయి. ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మరిచిపోవద్దు.

• కూలర్, ఐరన్ పెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కే కంప్యూటర్ తగిలించవద్దు.

• ఇన్వర్టర్ మీద నడుపుతుంటే అది సైన్ వేవ్ రకమో కాదో చూడండి. మారడానికి ఎక్కువ సమయం తీసుకునే ఇన్వర్టర్ అయితే కెపాసిటర్‌లోని నిల్వ చాలదు, కంప్యూటర్ ఆరిపోతుంది. యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి.

• కెపాసిటర్లకు వేడి శత్రువు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మన ఎండల్లో కంప్యూటర్‌ను గోడకు ఆనించి, గుడ్డ కప్పి నడపవద్దు.

• ఓవర్‌క్లాక్ చేస్తే వారంటీ పోవచ్చు. ముందే చదువుకోండి. రీస్టార్ట్ అవుతున్న కంప్యూటర్‌లో రాస్తున్న ఫైలు పాడవవచ్చు. ప్రాజెక్టు పనులు పెన్‌డ్రైవ్‌లో కూడా దాచమనండి.

అసలు ఇది అవసరమా అని మీరు అడగవచ్చు. ఆన్‌లైన్ పాఠాలకు, ఎప్‌సెట్ మాక్ టెస్టులకు అవసరం లేదు. మామూలు వేగం చాలు. అయితే ఆసక్తితో అడిగే పిల్లల్ని కసిరి పంపకండి. పదో తరగతి 'విద్యుత్ ప్రవాహం' పాఠంలోని వోల్టేజి, నిరోధం, సామర్థ్యం అన్నీ ఇక్కడ వాళ్ల కళ్లముందే పనిచేస్తాయి. హద్దు పెట్టండి: లెక్క కాగితం మీద చూపించాకే సెట్టింగు మార్చాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసి పెట్టాలి.

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి

1. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ కనిపించేలా పక్క తలుపు మాత్రం తీయండి. 12 వోల్టుల ఆంపియర్లను 12తో గుణించమనండి. డబ్బా మీది వాట్లకూ దానికీ తేడా ఎంత?

2. వేగం 10 శాతం, వోల్టేజి 5 శాతం పెంచితే ప్రాసెసర్ ఖర్చు ఎంత పెరుగుతుంది? (1.10 ఇంటూ 1.05 ఇంటూ 1.05. జవాబు సుమారు 21 శాతం.)

3. మీ ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఎన్ని స్తంభాలున్నాయో నడుస్తూ లెక్కపెట్టండి. చివరి ఇంటికి సాయంత్రం వోల్టేజి ఎందుకు తగ్గుతుందో పిల్లలనే చెప్పమనండి.

ఆ అబ్బాయి ఇంట్లో ఇప్పుడు కంప్యూటర్ మామూలు వేగంలోనే నడుస్తోంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనాలా వద్దా అన్నది బత్తాయి కాపు అమ్మాక చూద్దామనుకున్నారట. ఈలోగా నాన్నగారు అబ్బాయిని తోటకు తీసుకెళ్లి స్టార్టర్ పెట్టె దగ్గర నిలబెట్టి, మోటరు నడుస్తుండగా వోల్టు మీటరు, ఆంప్ మీటరు ముళ్లు చూపించారు. అబ్బాయి ఆ అంకెలు కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.